ఎవరు ఎవరితో అన్న మాట

డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పడానికి కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ వాళ్ళు మొదట అడిగేది సిలబస్ గురించే. "అంతా ఎలా పూర్తి చేసేవారు మేడమ్?" అంటారు. చాలా ఏళ్ళు పూర్తి చేయనేలేదు. ఆ మాట చెబితే వినయానికి అంటున్నానని అనుకుంటారు. ఒక నాటకంలో రెండు అంకాలు పిల్లల చేత నిలబెట్టి చదివించేసరికే సంవత్సరం గడిచిపోయేది. మిగతాది వాళ్ళు గైడు చూసి చదువుకున్నారు, పాసయ్యారు, మరిచిపోయారు. ఆ రెండు అంకాలు మాత్రం ఇప్పటికీ బజార్లో కనిపిస్తే అప్పజెబుతారు.

నా ప్రమోషన్లూ బదిలీలూ చెబితే మీకొచ్చేదేమీ లేదు. ఈ పని నాకు ఎక్కడ పట్టుబడిందో చెబితే ఉపయోగం ఉండొచ్చు. సగం యూనివర్సిటీ నాటక శాఖ రేకుల షెడ్డులో, సగం అద్దంకి దగ్గర మా ఊరి గుడిలో. మావైపు క్రైస్తవులం చర్చిని గుడి అనే అంటాం. భక్తి ఉన్నవాళ్ళకు నటన రాదని నాటకంవాళ్ళు అనేవారు. నటించేవాళ్ళకు భక్తి ఉండదని గుడివాళ్ళు అనేవారు. దేవుడు నాకు రెండు చోట్లా కూర్చోవడానికి ఇంత జాగా చూపించాడు. ఆ కృతజ్ఞతతోనే ఇది రాస్తున్నాను.

నాన్న పెట్టిన షరతు

మా నాన్న దేవసహాయం మా ఊరి సంఘానికి ఉపదేశి. పాస్టరు గారు నెలకొకసారి ప్రభు భోజన సంస్కారం ఇవ్వడానికి వచ్చేవారు. మిగతా ఆదివారాల్లో వాక్యం చెప్పేదీ, సాయంత్రాలు పెద్దవాళ్ళకు అక్షరాలు దిద్దించేదీ నాన్నే. సంఘంలో దాదాపు అందరూ మిరపకోతలకూ పత్తితీతలకూ వెళ్ళే కూలిజనం. మా అమ్మా వెళ్ళేది. కోతల రోజుల్లో ఆరాధనలో ఒకరు తుమ్మితే వరసంతా తుమ్మేది. నాన్న ప్రసంగం ఆపి, అందరి తుమ్ములూ అయ్యాక, ఆపిన చోటనుంచే ఎత్తుకునేవాడు. మేముండే ఇల్లు కూడా సంఘానిదే.

ఎనభైల మధ్యలో నాకు యూనివర్సిటీలో ఇంగ్లీషు ఎం.ఏ. సీటు వచ్చింది. సగం పేపర్లు సాహిత్యంలో, సగం నాటక శాఖలో చదివే వీలుండేది. నేను దానికే పెట్టాను. ఆ సంగతి చెప్పినప్పుడు నాన్న గుడి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"అంటే వేషాలేస్తారా?"

"నేర్పుతారంట నాన్నా. ఎట్టా నిలబడాలి, ఎట్టా మాట్లాడాలి, అవన్నీ."

"నిలబడటం, మాట్లాడటం మనకూ కావాల్సిందే. నేర్చుకో. జనం ముందు మాత్రం వేషం వెయ్యమాక. నువ్వు ఉపదేశి కూతురివి."

సరేనన్నాను. చివరి సంవత్సరం జనం ముందు ఒక పాత్ర వేస్తేనే డిగ్రీ ఇస్తారని అప్పటికి నాకూ తెలియదు.

రేకుల షెడ్డులో

పొద్దున పూట ఇంగ్లీషు క్లాసులు. మా ప్రొఫెసర్లు చదువుకున్నవాళ్ళే, పాపం, కానీ ఎక్కువమంది నోట్సు చెప్పి రాయించేవారు. ఫలానా పాత్ర స్వభావం: మొదటి పాయింటు, రెండో పాయింటు. ఆ పాత్రకు ఊపిరి ఉందని, ఆకలేస్తుందని ఎవరికీ తోచేది కాదు. మధ్యాహ్నం షెడ్డులోకి వెళితే నరసింహం మాస్టారు ఉండేవారు. పాత లాల్చీ, నోట్లో వక్కపలుకు. ఆయన నోట్సు చెప్పగా నేనెప్పుడూ వినలేదు.

మొదటి వారంలో నాకొక చిన్న సంభాషణ ఇచ్చారు. అద్దెకున్న మనిషిని ఇల్లు ఖాళీ చేయమంటున్న ఇంటావిడ మాటలు. ఇంగ్లీషులో పది వాక్యాలుండవు. నాకు మాట్లాడటం కొత్త కాదు. సండేస్కూలు వాక్యపోటీల్లో బహుమతులు తెచ్చుకున్నదాన్ని. కుడిచెయ్యెత్తి, మొదట నెమ్మదిగా ఎత్తుకుని, మధ్యలో గొంతు పెంచి, చివరి మాట రెండుసార్లు పలికి దిగాను. షెడ్డంతా నిశ్శబ్దం. బాగా చేశాననుకున్నాను.

నాగమణి అని నా క్లాసుమేటు ఉండేది. చీమకుర్తి క్వారీల పక్కన పెరిగిన పిల్ల. లారీల మోతను మించి మాట్లాడటం అలవాటై గుసగుస కూడా ఊరంతా వినబడేది. "కరుణా, సంచీ పట్టుకుని కానుక కూడా వసూలు చెయ్యవే, అదొక్కటే తక్కువ!" అంది. అందరూ పగలబడి నవ్వారు.

మాస్టారు నవ్వలేదు. "ఎవరమ్మా మాట్లాడేది?" అన్నారు.

"ఇంటావిడ సార్."

"ఎవరితో?"

"అందరితో... అంటే, వినేవాళ్ళతో."

"అక్కడ అందరూ లేరమ్మా. గుమ్మంలో ఒక్క మనిషి నిలబడి ఉన్నాడు. వాడు బయటికి పోతాడా పోడా అన్నదే ఆవిడ గొడవ. వాడి ముఖం చూసి చెప్పు."

రెండేళ్ళూ ఆయన అడిగింది ఇదే. ఎవరు? ఎవరితో? ఇప్పుడే ఎందుకు? మొదట్లో నాకు విసుగొచ్చేది. మాకు గుడిలో మాటలన్నీ ఒకే గొంతుతో వినడం అలవాటు. పుస్తకంలో ఉందంటే అది వాక్యమే, వాక్యమంటే మనకు చెప్పిందే. ఏ పద్యం చూపించినా ఇది మనకేం బోధిస్తోందని వెతికేదాన్ని. మాలాంటి ఇళ్ళనుంచి సాహిత్యానికి వచ్చే పిల్లలు ఈ తప్పు తప్పకుండా చేస్తారు. మీ క్లాసులో కనిపిస్తే నవ్వకండి. ఒక మాటను బతుకంతా మోయగలననుకునే పిల్ల అలా చదువుతుంది. ఆ మోసే శక్తి పోకుండానే, ఎవరు ఎవరితో అంటున్నారో చూడటం నేర్పాలి.

గోడమీది వాక్యం

మా గుడిలో బలిపీఠం వెనక గోడమీద నీలిరంగు అక్షరాలతో ఒక వాగ్దానం రాసి ఉండేది. మొదలు కొంచెమైనా చివర గొప్పవాడివవుతావు అని దాని సారాంశం. మావైపు పెళ్ళికార్డుల మీద, గృహప్రవేశాల్లో, కొత్త ఆటోల వెనక ఆ వాక్యం లేని చోటుండదు. ఒక రోజు హాస్టల్లో ఉదయ ధ్యానంలో అది నా ముందుకొచ్చింది. షెడ్డు అలవాటు కొద్దీ నాలో నేనే అడిగాను: ఎవరు, ఎవరితో?

బైబిల్లో ఆ వాక్యానికి పైనున్నదంతా చదువుకుంటూ వెళ్ళాను. అది దేవుడన్న మాట కాదు. ఆస్తీ పిల్లలూ పోయి బూడిదలో కూర్చున్న ఒక నీతిమంతుణ్ణి ఓదార్చడానికి వచ్చిన స్నేహితుల్లో ఒకడి మాట. వాళ్ళు సరిగ్గా పలకలేదని కథ చివర దేవుడే అంటాడు. మధ్యాహ్నం మాస్టారికి చెప్పాను.

"నేను మీ గుడికి రాను, మా గుడికీ పోను. అందులో నాకు తెలిసింది లేదు. మీ నాన్నగారినడుగు," అన్నారాయన. తనకు తెలియనిదాంట్లో వేలు పెట్టని గురువు దొరకడం అదృష్టం.

అప్పటికే చివరి సంవత్సరం నాటకం రిహార్సల్సు మొదలయ్యాయి. మాస్టారే తెలుగులో రాసిన నాటకం. చచ్చిపోయిన కొడుకును పాతిపెట్టడానికి ఆరడుగుల నేల అడుగుతూ ఊరిపెద్దల వాకిళ్ళకు తిరిగే తల్లి కథ. తల్లి పాత్ర నాకిచ్చారు. వేయకపోతే ప్రాక్టికల్ పోతుంది, దాంతో డిగ్రీ పోతుంది. నాన్నకు ఎదురుగా చెప్పి ఒప్పిద్దామని ఈస్టరుకు ముందు శ్రమకాలంలో ఒక ఆదివారం ఊరెళ్ళాను.

నాకంటే ముందు వార్త వెళ్ళింది. మా ఊరివాడొకడు యూనివర్సిటీ గోడమీద పోస్టరు చూశాడట. ఆరాధన అయ్యీ అవ్వకముందే సంఘపెద్ద యాకోబు తాత లేచి నిలబడ్డాడు. పొడుగాటి మనిషి, గట్టి గొంతు. ఆయన కాదన్నది సంఘంలో జరిగేది కాదు.

"ఉపదేశి గారూ, అమ్మాయి స్టేజీ ఎక్కుద్దంట గదా?"

"ఇంకా ఎక్కలేదు యాకోబూ," అన్నాడు నాన్న.

"ఎక్కితే మాత్రం మీరు ఇక్కడ పుల్పిట్ ఎక్కాల్సిన పన్లేదు. బయటోళ్ళు నవ్వరా? మీ పిల్లలు రంగులు పూసుకుని ఆడతన్నారు, మీరు మాకు చెప్పొచ్చారా అనరా?"

నాన్న నావైపు చూశాడు. వాక్యం చెప్పే ఆ పుల్పిట్ తప్ప ఆయనకు ఇంకో పని తెలియదు. అది పోతే ఇల్లూ పోతుంది. నేను వేయనని అనేద్దామని లేచాను. నోరు తెరిచేలోపు యాకోబు తాతే అన్నాడు.

"అసలు రెండేళ్ళు ఏం నేర్పారో ఇక్కడ చెయ్యి, చూద్దాం. సంఘం ముందు. మంచిదో చెడ్డదో మేం చెబుతాం."

"గుళ్ళో నాటకమా?" అంది వెనకనుంచి మార్తమ్మత్త.

"నాటకం వద్దు తాతా," అన్నాను. "వాక్యమే చదువుదాం. నేనొక్కదాన్నే కాదు. మీరూ రావాలి."

ముగ్గురం చదివాం

గోడమీది మాట ఎక్కడుందో అక్కడినుంచి చదువుదామన్నాను. యాకోబు తాత సాయంకాలపు బడిలో మా నాన్న దగ్గర అక్షరాలు నేర్చుకున్న మనిషి. వేలు పెట్టి, ఒక్కో మాటా గట్టిగా చదువుతాడు. ఆయనకు స్నేహితుడి మాటలిచ్చాను. బాధలో ఉన్న మనిషి మాటలు నేను తీసుకున్నాను. దేవుని మాటలు నాన్నకు. నేను బలిపీఠం ముందు నేలమీద కూర్చున్నాను.

"తాతా, సంఘం వైపు తిరగమాకండి. నావైపు తిరగండి. నేను పిల్లల్ని పోగొట్టుకుని ఇక్కడ కూర్చున్నాను. మీరు ఊరినుంచి నన్ను ఓదార్చడానికి వచ్చారు."

"నీ ముఖం చూసి చెప్పాలా?"

"చూసే చెప్పాలి."

గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. దేవుడు న్యాయం తప్పుతాడా అని నన్ను దబాయించాడు. జనం కదలకుండా విన్నారు. ఇంకొంచెం చదివితే గోడమీది వాగ్దానం వస్తుంది. దానికి కొంచెం ముందున్న వాక్యం దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, అందుకే పోయారు అని ఆ స్నేహితుడు ఆ తండ్రితో అంటాడక్కడ.

యాకోబు తాత ఒక్కగానొక్క కొడుకు ఇస్సాకు అంతకు కొన్నాళ్ళ ముందు పత్తికి పురుగుమందు కొడుతూ చేలోనే పడిపోయి చనిపోయాడు. అది ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. తెలియనిది ఆయన నోటివెంటే వచ్చింది.

"ఈ మాట మా ఇంట్లో చెప్పారు," అన్నాడు.

"ఎవరు తాతా?"

"ఆదరణ కూటానికొచ్చిన బోధకుడు. మావోణ్ణి పూడ్చిన మూడో నాడు. దేవుడి మాట ఇది, ఒప్పుకోమన్నాడు. మేం ఒప్పుకున్నాం. వాడి తల్లి, మీ అవ్వ, ఇప్పటికీ రోజూ అడుగుద్ది, మనోడు ఏం పాపం చేశాడయ్యా అని."

ఆయన ఎప్పుడూ అంత నెమ్మదిగా మాట్లాడగా నేను వినలేదు. "ఇక్కడితో ఆపుదాం తాతా," అన్నాను.

"ఎందుకాపుతావు? జవాబు చెప్పు. నువ్వు గదా ఆ తండ్రివి. ఆయన ఊరుకున్నాడా?"

ఊరుకోలేదు. ఆ తండ్రి మాటలు పుస్తకం చూడకుండానే చెప్పాను. మీరు చెప్పే ఓదార్పు నాకు ఇంకో బరువు, నేను దేవుడితోనే తేల్చుకుంటాను అని ఆయన అన్నవన్నీ, యాకోబు తాత ముఖం చూస్తూనే చెప్పాను. ఎత్తిన చెయ్యి లేదు, పెంచిన గొంతు లేదు. ఆయన నా ఎదుట నేలమీద కూలబడ్డాడు. ఓదార్చడానికి వచ్చినవాడు ఎవరో, ఓదార్పు కావలసినవాడు ఎవరో అప్పుడు గుడిలో ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది.

"మరి దేవుడేమన్నాడు ఉపదేశి గారూ?"

నాన్న చివరి అధ్యాయం తీసి నిదానంగా చదివాడు. దేవుడు ఆ స్నేహితుల మీద కోపగించాడనీ, తన గురించి వాళ్ళు సరిగ్గా పలకలేదన్నాడనీ.

"ఎవరి మీద కోపగించాడు? ఆ వచ్చినోళ్ళ మీదేనా?"

"వాళ్ళ మీదే."

"ఆ తండ్రి మీద గాదూ?"

"కాదు యాకోబూ. ఆయన సరిగ్గానే మాట్లాడాడన్నాడు."

యాకోబు తాత భుజం మీది కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎవరూ దగ్గరికి పోలేదు, ఎవరూ ప్రార్థన ఎత్తుకోలేదు. అంతసేపూ ఊరుకున్న మార్తమ్మత్తే చివరికి అంది. "అయితే ఆ గోడమీదది కూడా ఆ మనిషన్నదేనా? మా పిల్ల పెళ్ళికార్డు మీద ఏయించానే!"

ఏడుస్తున్న యాకోబు తాతే ముందు నవ్వాడు.

గోడమీద సున్నం కొట్టిద్దామా అని ఎవరో అడిగితే నాన్న వద్దన్నాడు. "ఉండనివ్వండి. మంచి ఆశే. ఎవరన్నారో కూడా తెలుసుకుని చదువుకుందాం."

వెళ్ళబోతూ యాకోబు తాత నన్ను ఆపాడు. "ఆ నాటకంలో నీ వేషం ఏంది?"

చెప్పాను.

"కొడుకు పోయిన తల్లా? ఆమెతో ఊరిపెద్దలు ఏమంటారు?"

"చోటు లేదంటారు తాతా."

కండువా దులిపి భుజం మీద వేసుకున్నాడు. "ఎయ్యి," అన్నాడు. "మీ నాయన పుల్పిట్ ఎక్కడికీ పోదు. మేమూ వస్తాం చూడ్డానికి. తప్పుగా మాట్లాడావంటే అక్కడే లేచి చెబుతా."

తరువాత చేసిన ఉద్యోగం

ఒంగోలు చుట్టుపక్కల కాలేజీల్లో, కొన్నాళ్ళు సింగరాయకొండలో, నేను చేసిందంతా ఆ రోజు గుడిలో చేసినదే. బల్లలు వెనక్కి జరిపి ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టేదాన్ని. ఒక మిరపరైతు కొడుకు ఉండేవాడు, ఇంగ్లీషు క్లాసంటే తల వంచుకునే పిల్లవాడు. గడువు అడిగే కౌలుదారు మాటలు వాడికిచ్చాను. మిర్చి యార్డులో కమీషను ఏజెంటుతో వాళ్ళ నాన్న బేరమాడే ధోరణిలో, ఒక అడుగు ముందుకేసి ఒక అడుగు వెనక్కేసి, ఆ ఇంగ్లీషును ఆడించేశాడు. ఉచ్చారణ మా ఒంగోలుదే. అర్థం కానివాళ్ళు క్లాసులో లేరు.

ఆ గోలకు మా ప్రిన్సిపాల్ గారు వచ్చి కిటికీలోంచి, "ఏంటమ్మా ఈ సంత?" అన్నారు. పాఠమేనండీ అన్నాను. "రిజల్టు తగ్గితే మీరే జవాబు చెప్పాలి," అని వెళ్ళిపోయారు. ఆయన్ని తప్పు పట్టను. జవాబు చెప్పుకోవడానికి ఇష్టపడే పని మాత్రమే చేయడం నాకు అలవాటైంది ఆ మాటవల్లే.

మీకు చెప్పగలిగింది కొంచెం. దొరల యాసకోసం గొంతు పాడుచేసుకోకండి. నోట్సు చెప్పి రాయించడం తేలిక, అందుకే దానికి భయపడండి. మీకు నమ్మకం ఉంటే క్లాసులో ప్రసంగం చేయకండి, అలాగని సిగ్గుపడి దాచుకోకండి కూడా. వాక్యాన్ని ప్రేమించడం ఇంట్లో నేర్చుకోకపోతే నాకు ఏ నాటకంలోని మాటా అంత లోతుకు దిగేది కాదు. నాటకం నేర్చుకోకపోతే వాక్యంలో మనుషులున్నారని కనిపించేది కాదు.

చీకట్లో

నాన్న తన షరతు మాట మళ్ళీ ఎత్తలేదు. నాటకం రోజు మావాళ్ళు పొగాకు బేళ్ళు తోలే లారీలో వచ్చారు. ముందువరసలన్నీ వాళ్ళే. నాన్న, అమ్మ, మార్తమ్మత్త, ఉతికిన పంచెలో యాకోబు తాత. ఆయన పక్కన, ఇస్సాకు పోయాక గడప దాటని అవ్వ.

మూడో గంట కొట్టారు. హాల్లో దీపాలు ఆరాయి. అంత జనం, అంత నిశ్శబ్దం, పైగా చీకటి. మావాళ్ళకు దానికి ఒక్కటే అర్థం. "ప్రార్థన," అన్నాడు యాకోబు తాత మెల్లిగా. వరసకు వరస తలలు వంగాయి. ఆడవాళ్ళు కొంగులు తలమీదికి లాక్కున్నారు.

తెర పక్కనుంచి చూసి నాగమణి కంగారుపడింది. "మీవాళ్ళు అప్పుడే నిద్రపోతున్నారే!"

"ప్రార్థన చేస్తున్నారే."

"ఎంతసేపు?"

"నాన్న ఎత్తుకుంటే చెప్పలేం."

మాస్టారు ఒక్క క్షణం వాళ్ళను చూశారు. ఆపమని ఎవరినీ పంపలేదు. దీపం మెల్లగా వెయ్యమని సైగ చేసి, నన్ను వెళ్ళమన్నట్టు తల ఊపారు.

వెలుతురులోకి వెళ్ళి నిలబడ్డాను. నా ముందు వంగిన తలలు. నా మొదటి మాట ఊరిపెద్ద వాకిట్లో నిలబడి తల్లి పిలిచే పిలుపు.

"లోపల ఎవరండీ? ఒక్కసారి ఇటు చూడండి."

అందరికంటే ముందు అవ్వ కొంగు తీసి తలెత్తింది.